కార్లమ్మ గొంతు

పొద్దున్నే పాలగిన్నె పొయ్యి మీద పెట్టిందో లేదో వాసంతి ఫోను మోగింది. పాలు పొంగేదాకా ఆగే ఫోను కాదది. ఎడమ చేత్తో మంట తగ్గించి, కుడి చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, "హలో, చెప్పండి, ఎక్కడున్నారు?" అంది.

అవతలి మనిషి తడబడ్డాడు. తర్వాత, "రాంగ్ నంబరు తగిలినట్టుంది. నేను కార్లమ్మ గారికి చేశానండీ," అన్నాడు.

"నేనేనండీ కార్లమ్మని. ఎంతమంది వస్తారు? సామాను ఉందా?"

"అదేందమ్మా, గొంతు అట్టా అయిపోయింది? ఎవురో మగమనిషి అనుకున్నా!"

సత్తెనపల్లి నుంచి రేపు కోటప్పకొండకు బండి కావాలట. రేపే శివరాత్రి. వాసంతి బండి మాట్లాడిపెట్టి, ఫోను పెట్టేసి చూసేసరికి పాలు పొయ్యంతా పొంగి గట్టు మీదుగా కారుతున్నాయి. తుడవడానికి గుడ్డ అందుకుంది. ఫోను మళ్ళీ మోగింది.

నరసరావుపేటలో వాసంతి ముఖం తెలిసినవాళ్ళు తక్కువే గానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఒకసారి మార్కెట్లో దొండకాయలు ఎంతని అడిగితే, పక్కన నిలబడ్డ ముసలాయన చటుక్కున తిరిగి, "నువ్వు కార్లమ్మవు కదూ! మా ఆడమనిషిని ఆస్పత్రి నుంచి ఇంటికి చేర్చింది నువ్వేనమ్మా," అని చేతులు జోడించాడు. ఆ రోజు ఆమెకు ఒళ్ళంతా సంతోషంతో నిండిపోయింది. అది ఎప్పటి మాటో. ఇప్పుడు కూరగాయలే గుమ్మంలోకి వస్తున్నాయి, ఆమె గుమ్మం దాటడం లేదు.

అసలు ఆ ఇల్లే ట్యాక్సీల మీద బతికిన ఇల్లు. మామగారు త్రికోటేశ్వరరావు స్టేషన్ రోడ్డు స్టాండుకు చాలా ఏళ్ళు పెద్ద. ప్రతి బండికీ పేరు రాసిన రేకు బిళ్ళ ఒకటి ఉండేది. టీ బంకు గోడకు వరసగా మేకులు, మేకులకు బిళ్ళలు. ముందు వచ్చినవాడి బిళ్ళ ముందు. బేరం వస్తే ఆ బిళ్ళవాడే కదలాలి. వరస తప్పి దూరినవాడికి ఆ రోజు స్టాండులో మంచినీళ్ళు కూడా పుట్టేవి కావు. న్యాయమైన పద్ధతే, కాదనలేం. కానీ అది కూర్చున్న చోట కూర్చుని చేసే న్యాయం. స్టాండులో బండ్లవాళ్ళు ఈగలు తోలుకుంటూ ఉంటే, ఆస్పత్రుల వీధిలో రోగిని పట్టుకుని చుట్టాలు బండి కోసం ఎండలో తిరిగేవాళ్ళు. మాచర్లకు బేరం వెళ్ళినవాడు ఖాళీగా తిరిగి వచ్చేవాడు. అదే వేళకు మాచర్లలో, పేటకు రావలసినవాళ్ళు బస్టాండులో పడిగాపులు పడేవాళ్ళు. వీళ్ళున్నారని వాళ్ళకు తెలియదు, వాళ్ళున్నారని వీళ్ళకు తెలియదు.

ఆ తెలియనితనం మధ్యలోకి వాసంతి అనుకోకుండా వచ్చి పడింది. రెండేళ్ళ కింద భర్త అమర్నాథ్ ఫోను ఇంట్లో మర్చిపోయి బండి తీసుకెళ్ళాడు. మాచర్ల నుంచి ఎవరో ఫోను చేసి, సాయంత్రం పేటకు రావాలి, బండి ఉందా అని అడిగారు. స్టాండు డ్రైవరు ఇమాం సాహెబ్ ఆ పొద్దున మాచర్ల వెళ్ళాడన్న సంగతి వాసంతికి గుర్తొచ్చి, ఆయనకు ఫోను చేసి చెప్పింది. ఖాళీగా రావలసిన మనిషి నిండు బండితో వచ్చాడు. దీపాలు పెట్టే వేళకు జిలేబీ పొట్లంతో గుమ్మంలో నిలబడి, "నీ నోట్లో పంచదార పొయ్య, బేటీ!" అని దీవించి వెళ్ళాడు.

అంతే. జిలేబీ తిన్న నోరు మళ్ళీ మూతపడలేదు. జక్కయ్య అడిగాడు, సాయి కిరణ్ అడిగాడు, స్టాండంతా అడిగింది. ప్రతి కారు వెనక అద్దం మీదా వాసంతి నంబరు ఎక్కింది, జనం నోట ఆమె పేరు కార్లమ్మ అయింది. ఎవరు ఎక్కడ ఎదురుచూస్తున్నారో, ఏ బండి ఎక్కడ ఖాళీ అవుతుందో ఆమెకు తెలిసేది. ఆమె నోటి మాట మీద బండ్లు ఖాళీ తిరగడం మానేశాయి. డ్రైవర్లు మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తినడం మొదలుపెట్టారు. ఇందరికి మేలు జరిగితే కాదనేదెవరు?

మేకులకు తగిలించిన బిళ్ళల వైపు మాత్రం చూసేవాడు లేకపోయాడు. ఒకరోజు త్రికోటేశ్వరరావు వాటిని ఊడదీసి బిస్కెట్ల డబ్బాలో పోసుకుని ఇంటికొచ్చి, వసారాలో కుర్చీ వేసుకున్నాడు. ఆ రోజు నుంచి కోడలితో నేరుగా మాట లేదు. మంచినీళ్ళు కావాలన్నా, "ఒసే అంకమ్మా, అమ్మాయిని నీళ్ళియ్యమను," అని భార్యతో చెప్పేవాడు. అమ్మాయి అక్కడే నిలబడి ఉన్నా సరే.

వాసంతి స్నానానికి వెళ్తే ఫోను ప్లాస్టిక్ కవరులో కిటికీ మీద ఉండేది. పెదకూరపాడులో పుట్టిల్లు ఉంది. ఉందని గుర్తు తప్ప వెళ్ళింది లేదు. కూతురు భవిత ఒకటో తరగతి. దానికి కథ చెప్పడం మొదలుపెడితే, "అనగనగా ఒక రాజు. ఆ రాజు గుర్రమెక్కి అడవికి బయల్దేరాడు," అనేసరికి ఫోను మోగేది. ఆ రాజు అడవికి చేరగా భవిత ఇంతవరకూ వినలేదు.

పండగల నెలలో గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం అయింది, కలకండ అయింది, అంకమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీయడం అయింది. చివరికి నిన్న వాసంతి తానే వెళ్ళి గొంతు డాక్టరమ్మకు చూపించుకుంది. డాక్టరమ్మ లోపలికి దీపం వేసి చూసి, నొసలు ముడిచింది. "గొంతు తీగల మీద కాయలు కాశాయి. నెల రోజులు మౌనం. గుసగుస కూడా వద్దు, అది ఇంకా చెడ్డది. వినకపోతే ఆపరేషనే. ఆ తర్వాత ఈ గొంతు ఈ గొంతుగా ఉంటుందని నేను హామీ ఇవ్వలేను."

ఆ సంగతి రాత్రి భోజనాల దగ్గరే చెప్పింది. ఎవరూ విననట్టే తిని లేచారు. పొయ్యి గట్టు తుడుస్తూ ఇప్పుడు మళ్ళీ చెప్పింది.

అమర్నాథ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఇయ్యాలా రేపూ ఓర్చుకో వాసంతీ," అన్నాడు. "తిరునాళ్ళ అయిపోతే నెల కాదు, రెండు నెలలు మాట్లాడబాక. ఎవురొద్దన్నారు?"

"డాక్టరమ్మ ఇయ్యాల్టి నుంచే అంది."

"డాక్టర్లు అట్టానే అంటారు. గట్టిగా అనబాక, గుసగుసగా చెప్పు. సరిపోయిద్ది."

"గుసగుస ఇంకా చెడ్డదంట. చెప్పానుగా!"

"మరేం చెయ్యమంటావు? నువ్వు మెసేజీలు పెడతావు సరే, బండి తోలేవాడు మెసేజీ చదువుకుంటా పోతే కాలవలో పడతాడు. చేసేవాళ్ళు పల్లెటూళ్ళ జనం, వాళ్ళకి మనిషి గొంతు వినబడాల. ఏడాదికి ఒక్క తిరునాళ్ళ. అందరూ నీ మీద ఆశ పెట్టుకున్నారు."

అంకమ్మ మనసు కరిగి, "పోనీ నేను మాట్లాడతాలేరా," అని ముందుకొచ్చింది. మోగుతున్న ఫోను అందుకుని, "హలో, ఎవురు నాయనా? ఈపూరా! మా పెదనాన్న మనవరాల్ని ఇచ్చింది ఆ ఊరే. సుబ్బాయమ్మ అని, తెలుసా?" అని మొదలుపెట్టింది. సుబ్బాయమ్మకు మోకాళ్ళ నొప్పులని తేలింది గానీ, బండి ఎవరికి ఎక్కడికి కావాలో తేలలేదు. ఫోను తిరిగి వాసంతి చేతికే వచ్చింది.

పొద్దెక్కేదాకా గుసగుసగానే చెప్పింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఒక్కో మాటకు గొంతులో ముల్లు దిగుతోంది. కోటప్పకొండ ఎక్కే భక్తులు 'చేదుకో కోటయ్యా చేదుకో' అని అరుస్తారు, బావిలోంచి చేదను లాగినట్టు తమను పైకి లాక్కోమని. వాసంతి కొండకు వెళ్ళి రెండేళ్ళు దాటింది. ఇంట్లో వంటగట్టుకు ఆనుకుని నిలబడి, లోపల్లోపలే ఆ మాట అనుకుంది. నిజంగా బావిలోనే ఉన్నట్టుంది ఆమెకు. పైన అందరూ కనిపిస్తున్నారు. అందరూ చేద దించి నీళ్ళు తోడుకుంటున్నారు.

మధ్యాహ్నం సాయి కిరణ్ తన ఏడు సీట్ల బండికి కట్టడానికి పూలదండ తీసుకుపోదామని వచ్చాడు. దండ తీసుకుని, సందులో బండి వెనక్కి తీస్తున్నాడు. వాసంతి మెట్ల మీద నిలబడి చూస్తోంది. బండి వెనక భవిత గొంతుక్కూర్చుని సుద్దముక్కతో నేల మీద ముగ్గు వేసుకుంటోంది.

'భవితా!' అని అరిచింది వాసంతి. అరిచాననుకుంది. నోరు తెరుచుకుంది, మెడ నరాలు లేచాయి, బయటికి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ అరిచింది. మళ్ళీ గాలే. చేతులూపుతూ మెట్లు దిగసాగింది.

వసారాలో కుర్చీలో ఉన్న త్రికోటేశ్వరరావు చూసింది పిల్లను కాదు, కోడలి ముఖాన్ని. ఆ ముఖం చూసి సందులోకి చూశాడు. "ఆపరా ఒరేయ్!" అని ఆయన పెట్టిన కేకకు బండి గక్కున ఆగింది. భవిత తల తిప్పి, ఏమైందన్నట్టు అందర్నీ చూసింది.

వాసంతి వెళ్ళి పిల్లను ఎత్తుకుంది. ఏడ్చింది. ఏడుపుకు కూడా చప్పుడు లేదు. జాకెట్లో దోపుకున్న ఫోను మోగుతూనే ఉంది. దాన్ని తీసి, మోగుతుండగానే ఆపేసింది. రెండేళ్ళలో ఆమె ఆ పని చేయడం అదే మొదలు.

సాయంత్రం అమర్నాథ్ గాలివానలా వచ్చాడు. "ఫోను ఆపేశావంట? బుద్ధుందా అసలు! వినుకొండ రోడ్డులో జనం నిలబడి తిట్టుకుంటన్నారు. ఇమాం సాహెబ్ ఖాళీగా తిరిగొచ్చాడు. ఏమే, నీతోనే!"

వాసంతి భవిత పలక తీసుకుని, పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. 'నేను మాట్లాడను.'

"రేపొక్క రోజు!"

పలక అలాగే పట్టుకుంది.

"నీకు పంతం ఎక్కువైంది. నలుగురూ అమ్మా అమ్మా అని నెత్తిన పెట్టుకునేసరికి ఇట్టా తయారయ్యావు. నువ్వు లేకపోతే పేటలో బండ్లు తిరగవనుకున్నావా?"

ఆ మాట ఆమెకు గుండెలో గుచ్చుకుంది. నువ్వు లేకపోతే బండ్లు తిరగవని పొద్దున బతిమాలిన మనిషే ఇతను. జవాబు చెప్పడానికి నోటినిండా మాటలున్నాయి. ఒక్కటీ వాడుకోవడానికి లేదు. గదిలో తలుపేసి కొట్టిన దెబ్బల్లా లోపలే మోగాయవి. ఫోను తీసి అతని చేతిలో పెట్టి, పిల్లను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"సరే! దీనికేమన్నా బ్రహ్మవిద్య కావాలా? ఎక్కడ జనం ఉన్నారో డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో పెడితే అందరికీ ఒకేసారి తెలిసిద్ది. మధ్యలో మనిషెందుకు?" అని అమర్నాథ్ వసారాలో అందరికీ వినబడేలా అన్నాడు. త్రికోటేశ్వరరావు బిస్కెట్ల డబ్బా మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చున్నాడు.

శివరాత్రి నాడు తెల్లవారకముందే అమర్నాథ్ తన తల్లి అంకమ్మనీ కూతుర్నీ కొండ దగ్గర దించి, బేరాలకు వెళ్ళాడు. అంకమ్మది ఉపవాసం. దర్శనమయ్యాక ఎవరో ఒకరి బండి ఎక్కి రమ్మన్నాడు. మన బండ్లు అటు తిరుగుతూనే ఉంటాయి కదా అని అతని ధీమా. ఇంట్లో మామాకోడళ్ళే మిగిలారు. ఒకరు మాట్లాడకూడదు, ఇంకొకరు మాట్లాడరు. ఇల్లు ఖాళీ సత్రంలా ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ త్రికోటేశ్వరరావు బటన్ల ఫోను మోగింది. అంకమ్మ గొంతు బయటికే వినబడింది.

"ఏవయ్యా, కొండ కింద మలుపులో నిలబడి ఎంతసేపయిందో. ఒక్క కారూ రాట్లా. జనం చానా మంది ఉన్నారు. ఆటోలు కూడా నిండిపోయి పోతన్నాయి. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. పిల్ల ఏడుస్తంది."

ఆయన కొడుక్కు ఫోను చేశాడు. అవతల హారన్ల మోత.

"నాన్నా, నేను స్టేషన్ దగ్గర ఇరుక్కుపోయా! రైలు దిగిన జనం చానా ఉన్నారని గ్రూపులో పెట్టా. అందరూ ఇటే వచ్చారు. వచ్చేలోపు ఆ జనాన్ని బస్సులెక్కించారు. ఇప్పుడు బండి ఎనక బండి, ముందుకీ లేదు, ఎనక్కీ లేదు."

"అందరూనా? కొండకాడ ఎవురూ లేరా?"

"నేనెళ్తన్నా అని ఒకడు పెడితే ఇంకొకడు నమ్మట్లా నాన్నా. ఎవడికి వాడు నేనే ముందు అనుకున్నాడు."

పక్కనుంచి ఇమాం సాహెబ్ గొంతు వినిపించింది: "అందరూ అందలం ఎక్కితే మోసేదెవురు బాబూ!"

త్రికోటేశ్వరరావు ఫోను దించాడు. "నిలబడ్డ బండ్లయితే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఏ బండి ఎక్కడుందో నాకేం తెలుసు," అన్నాడు. ఎవరితో అన్నాడో ఆయనకే తెలియదు.

వాసంతికి తెలుసు. తిరునాళ్ళ బేరాలు నిన్నటిదాకా కుదిర్చింది ఆమే. జక్కయ్య ఈపూరు వాళ్ళను కొండకు తెచ్చాడు. వాళ్ళు దర్శనమయ్యాక యల్లమందలో చుట్టాలింట్లో దిగుతామన్నారు. అంటే జక్కయ్య ఇప్పుడు యల్లమందలోనో, ఆ దారిలోనో ఖాళీగా ఉండాలి. కొండకు కూతవేటు దూరం. ఒక్క మాట చెబితే చాలు. ఆమె మామగారి చేతిలోని ఫోను అందుకుంది. ఊపిరి పీల్చి, నోరు తెరిచింది. పోతే పోనీ గొంతు, పిల్ల ఎండలో ఉంది.

"వద్దు!" అని త్రికోటేశ్వరరావు ఫోను లాక్కున్నాడు. "నువ్వు మాట్లాడబాక అమ్మాయ్. నిన్న చూశాలే నీ గొంతు ఏమైందో. నువ్వు మాట్లాడబాక, నాకు చూపించు."

రెండేళ్ళ తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. వాసంతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకునే తీరిక లేదు. కుర్చీ పక్కనున్న బిస్కెట్ల డబ్బా తెరిచి, బిళ్ళలన్నీ నేల మీద గుమ్మరించి, జక్కయ్య పేరున్న బిళ్ళ ఏరి ఆయన చేతిలో పెట్టింది. పలక మీద 'యల్లమంద' అని రాసింది.

ఆయన నంబరు నొక్కాడు. "ఒరేయ్ జక్కయ్యా, ఎక్కడున్నావురా?"

"యల్లమంద దాటి పేట రోడ్డెక్కా మావా. స్టేషన్లో బేరాలు చానా ఉన్నాయంట, అందరూ అటే పోతన్నారు."

"అందరూ అటే పోతే ఇటు ఎవడొస్తాడ్రా? తిప్పు బండి! కొండ కింద మలుపులో మీ అత్త కళ్ళు తిరిగి పడిపోయేట్టుంది. పిల్ల కూడా ఉంది. తిప్పు ముందు!"

ఆ గొంతు స్టాండులో పాతికేళ్ళు మోగిన గొంతు. జక్కయ్య మారుమాట్లాడలేదు. కాసేపటికి అతనే ఫోను చేసి, ఇద్దరినీ ఎక్కించుకున్నానని, అత్తకు కొబ్బరినీళ్ళు పట్టించానని చెప్పాడు. త్రికోటేశ్వరరావు గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వాసంతి నేల మీదే కూలబడింది.

కళ్ళు తెరిచిన ఆయనకు నేల మీద కొత్త సంగతి కనిపించింది. కోడలు భవిత సుద్దముక్కతో గచ్చు మీద గీతలు గీస్తోంది. ఒక మూల స్టేషను, ఒక మూల బస్టాండు, ఒక మూల ఆస్పత్రుల వీధి, పైన కొండ. బిళ్ళలు ఒక్కొక్కటే తీసి, ఏ బండి ఎక్కడుంటుందో అక్కడ పెడుతోంది. స్టేషను మూలలో బిళ్ళలు కుప్ప పడ్డాయి. కొండ దగ్గర ఒక్కటీ లేదు.

త్రికోటేశ్వరరావు ఆ కుప్పకేసి చూశాడు. కుర్చీ దిగి, మోకాళ్ళు పట్టుకుని, కోడలికి ఎదురుగా నేల మీద కూర్చుని, కొడుక్కు ఫోను కలిపాడు.

"అమర్నాథ్, నేను చెప్తన్నా విను. ఆ గ్రూపు ఆపు. స్టేషన్లో అందరికంటే ముందొచ్చింది ఎవురు? అబ్దుల్ హమీద్ ముందా? అయితే వాడు అక్కడే ఉంటాడు, తర్వాత రైలు వాడిది. ఆ ఎనకున్న ఇద్దరూ ఆస్పత్రులకాడికి. చివర వచ్చినోళ్ళంతా ఎనక్కి తిప్పి కొండకి. నేనన్నానని చెప్పు. వరస తప్పినోడు రేపు నాకు ఎదురుపడబాకని చెప్పు."

"నాన్నా, నువ్వా?"

"నేనే. మీ ఆవిడ చూపిస్తంది, నేను చెప్తన్నా. పెట్టెయ్ ఫోను."

పొద్దు వాలేదాకా ఆ గచ్చు మీద బిళ్ళలు జరుగుతూనే ఉన్నాయి. కొండ దగ్గర జనం పలచబడ్డారు. ఒకడి మీద ఒకడు పడి హారన్లు కొట్టుకున్న డ్రైవర్లే, మీ వంతు ఇదీ అని ఒక పెద్ద గొంతు చెప్పేసరికి బుద్ధిగా వెళ్ళారు. తెలియడం ఒక్కటే చాలదు కాబోలు, తెలిసినదాన్ని ఎవరి వంతుకు వారికి పంచే మనిషి కూడా కావాలి. ఇంతకాలం తాను చేస్తున్న పని అదేనని వాసంతికి కూడా ఆ గచ్చు మీద చూసుకున్నాకే తెలిసింది.

అమర్నాథ్ ఇల్లు చేరేసరికి అంకమ్మ మంచం మీద పడుకుని ఉంది. భవిత గడప దగ్గర బొమ్మను ఒళ్ళో వేసుకుని జోకొడుతోంది. సబ్బు పెట్టె చెవికి ఆనించుకుంది.

"హలో, చెప్పండి, ఎక్కడున్నారు? ఎంతమంది? సామాను ఉందా?" అని, బొమ్మకేసి తిరిగి, "ఏడవకు బొమ్మా. అమ్మకి బేరం వచ్చింది. తర్వాత చెప్తాగా కథ. తర్వాత, తర్వాత," అంది.

అమర్నాథ్ చెప్పులు విప్పుతున్నవాడు అలాగే ఆగిపోయాడు.

భవిత తండ్రిని చూసి, "నాన్నా, అమ్మ గొంతులో బ్యాలెన్స్ అయిపోయిందా?" అని అడిగింది. "అంతా ఫోన్లోనే అయిపోయిందా? నాకు కొంచెం కూడా లేదా?"

అతను పిల్లను దాటుకుని లోపలికి వచ్చి, వాసంతి ముందు నేల మీద కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

"నీ గొంతు ఎక్కడికీ పోదనుకున్నా వాసంతీ. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినట్టు ఎప్పుడైనా వచ్చిద్దిలే అనుకున్నా. నా తప్పే. నా తప్పే."

వాసంతికి జాలి వేసింది. జాలితో పాటు కోపమూ ఉంది. రెండేళ్ళ మాటలు నోటి దాకా వచ్చాయి. పలక తీసుకుంది. ఇంత పలక మీద అవన్నీ ఎక్కడ పడతాయి? కాసేపు ఆలోచించి రాసింది. 'నాకు కోపం పోలేదు. ముందు మొహం కడుక్కో.'

అమర్నాథ్ అది చదివి, ఏడుపులోనే నవ్వాడు. లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు.

మర్నాడు వసారా గోడకు మేకులు దిగాయి. త్రికోటేశ్వరరావు స్వయంగా కొట్టాడు. కార్ల వెనక అద్దాల మీదికి మామగారి నంబరు ఎక్కింది, వాసంతి ఫోను కూడా ఆయన కుర్చీ మీదికే చేరింది. ఒంటిగంట నుంచి మూడింటిదాకా పెద్దాయనకు కునుకు, ఆ వేళ ఇమాం సాహెబ్ వచ్చి కూర్చుంటాడు. మిగతా డ్రైవర్లకూ వంతులు పడ్డాయి. పాత నంబరుకు చేసినవాళ్ళు కార్లమ్మ గారేరీ అని అడిగితే, "సెలవు పెట్టింది," అనేవాడు త్రికోటేశ్వరరావు. తిరునాళ్ళ మర్నాడే వాసంతిని పెదకూరపాడులో పుట్టింట దించి వచ్చాడు అమర్నాథ్. వారం రోజులు ఆమె తల్లి పక్కన కూర్చుని, ఆవిడ చెప్పిందల్లా వింటూ ఉండిపోయింది.

నెల గడిచింది. డాక్టరమ్మ మళ్ళీ దీపం వేసి చూసి, కాయలు కరిగాయని, రోజుకు కాసిని మాటలతో మొదలుపెట్టమని చెప్పింది. దారిలో అమర్నాథ్ ఏదైనా అంటుందేమోనని పక్కకు చూస్తూనే బండి నడిపాడు. వాసంతి పెదవి విప్పలేదు.

ఇల్లు చేరేసరికి వసారాలో అందరూ ఉన్నారు. అంకమ్మ పొయ్యి మీద పని వదిలి వచ్చి నిలబడింది. అప్పుడే కుర్చీ మీదున్న ఫోను మోగింది. ఆమె చెయ్యి అలవాటుగా కదిలింది. అమర్నాథ్, త్రికోటేశ్వరరావు ఒకేసారి దాని మీద చెయ్యి వేశారు.

"మోగనియ్యి," అన్నాడు అమర్నాథ్.

వాసంతి వాళ్ళను దాటి లోపలికి వెళ్ళింది. భవిత బొమ్మకు జడ వేస్తోంది. నెల రోజులుగా సైగలకు అలవాటుపడ్డ పిల్ల, తల్లి రావడం చూసి అలవాటుగా పలక అందించబోయింది.

"భవితా," అంది వాసంతి.

సన్నగా, కొంచెం బరకగా వచ్చింది గొంతు. పిల్ల చేతిలో పలక కింద పడింది. కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

"ఇంకోసారి అనమ్మా."

"భవితా."

అది వచ్చి ఒళ్ళో పడి, తల్లి మెడ మీద అరచెయ్యి ఆనించి, లోపల గొంతు కదులుతుందో లేదో చూసుకుంది. వాసంతి కళ్ళు తుడుచుకుని, "మన రాజు ఎక్కడిదాకా వచ్చాడే?" అని అడిగింది.

"గుర్రం ఎక్కాడు. అడవికి బయల్దేరాడు. అప్పుడు ఫోను మోగింది," అంది భవిత.

బయట వసారాలో ఫోను ఇంకా మోగుతోంది. త్రికోటేశ్వరరావు దాన్ని తీసిన చప్పుడు వినబడింది. "హలో. లేదమ్మా, మా కోడలు పనిలో ఉంది, ఇప్పుడు రాదు. నాకు చెప్పు, ఎక్కడున్నారు?" అంటున్నాడు.

లోపల వాసంతి పిల్లను ఇంకొంచెం దగ్గరికి తీసుకుని, చిన్న గొంతుతో, రాజును అడవిలోకి నడిపించింది.